మూసిన గనికి నడిచిపోయే నలభై మంది

మళ్ళీ జనాభా లెక్కలు వస్తున్నాయట. ఈసారి కాగితాలు ఉండవని, అంతా ఫోనులో నొక్కుకుంటూ పోవడమేనని మా అంగన్వాడీలో ఇప్పుడు పనిచేస్తున్న అమ్మాయి చెప్పింది. కాగితం మిగిలితే నాకూ సంతోషమే. అయితే ఫోను వచ్చినా అడిగేది మనిషే, చెప్పేదీ మనిషే. మీలో ఎవరి మెడకైనా ఆ డ్యూటీ పడితే, ఒక ముసలామె ఆ పనిలో ఎట్లా పప్పులో కాలేసిందో ముందే తెలుసుకొని ఉండడం మంచిది. చదువుకున్నవాళ్ళు చేసే తప్పులు మీకు ట్రైనింగులో చెబుతారు. నేను చేసిన తప్పు ఏ పుస్తకంలోనూ లేదు.

నేను క్యాసంబళ్ళిలో ఏడో తరగతి వరకే చదివాను. ఆ కాలంలో అంగన్వాడీకి అంత చాలు. పెళ్ళయి కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌కు వచ్చాక, మేమున్న లైనులోనే ముప్పై ఏళ్ళు పిల్లలకు పాటలు చెప్పి, బరువులు తూచి, ముక్కులు తుడిచి రిటైరయ్యాను. లైను అంటే గనిలో పనిచేసేవాళ్ళకు కంపెనీ కట్టించిన ఇళ్ళ వరస. గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. ఒక ఇంట్లో తాలింపు వేస్తే నాలుగిళ్ళలో తుమ్ములు వస్తాయి. మా ఆయన గనిలో టింబర్‌మ్యాన్. భూమి అడుగున పైనున్న రాయి మనుషుల మీద పడకుండా దుంగలు నిలబెట్టే పని. గనులు మూసినప్పుడు ఆయనకు యాభై నిండలేదు.

నేను చెప్పే జనగణన గనులు మూసిన పదేళ్ళకు వచ్చింది. అప్పటికి మా ఇంట్లో మేమిద్దరం, కూతురు, అల్లుడు, వాళ్ళ నాలుగేళ్ళ పాప. కూతురూ అల్లుడూ తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి, చీకటి పడ్డాక వచ్చేవారు. నేను అంగన్వాడీకి పోయేదాన్ని. మా ఆయన ఇంట్లో ఉండేవాడు. గనులు మళ్ళీ తెరవాలని కోర్టులో కేసు నడుస్తుండేది. ఆ కేసు మీటింగులకు మా లైను తరఫున పోయేది ఆయనే. కాబట్టి లైనులో ఆయన మాటకు బరువుండేది.

ఆ ఏడు టీచర్లు చాలక మా అంగన్వాడీ వాళ్ళకు కూడా లెక్కల డ్యూటీ వేశారు. మూడు రోజులు ట్రైనింగు. ఒక్కొక్కరికి ఒక సంచి, అట్ట, రెండు పెన్నులు, ఎట్లా రాయాలో చెప్పే పుస్తకం ఇచ్చారు. ఆ సంచిలోనే ఇప్పటికీ రాగులు మిల్లుకు తీసుకుపోతున్నాను. నా పక్కన కూర్చున్నది ఒక ప్రైమరీ స్కూలు టీచరు, తమిళం వాళ్ళమ్మాయి, తెలుగూ బాగానే మాట్లాడేది. పాఠం వినకుండా అట్ట మీద పూలు గీస్తూ ఉండేది. "ఇంకు ఊరికే వస్తా ఉండాదా అమ్మా?" అని రెండుసార్లు గదమాయించాను. "సారీ ఆంటీ" అని మూడో పువ్వు మొదలుపెట్టేది.

ట్రైనింగు మాస్టరు ఎక్కువసేపు చెప్పింది పని గడుల గురించే. మనిషి చేసే పని ఒక గడిలో, ఆ పని జరిగే చోట ఏం తయారవుతుందో ఇంకొక గడిలో రాయాలి. ఆస్పత్రిలో వంట చేసేవాడు వంటవాడే. అయినా రెండో గడిలో హోటలని రాయకూడదు, ఆస్పత్రి అని రాయాలి. బిస్కెట్ల ఫ్యాక్టరీలో లారీ తోలేవాడు డ్రైవరే, కానీ వాడిది బిస్కెట్ల పరిశ్రమ. మనం మాటల్లో రాస్తే పైన ఎక్కడో కూర్చున్నవాళ్ళు ఆ మాటకు ఒక నంబరు వేస్తారు. దేశంలో ఎంతమంది సేద్యంలో ఉన్నారో, ఎంతమంది మగ్గం మీద ఉన్నారో, ఎంతమంది గనుల్లో ఉన్నారో అట్లా తేలుతుంది. "మీరు తప్పు రాస్తే ఆ నంబరు వేసేవాడు సరిదిద్దలేడు. అతనికి మీ వీధి తెలియదు" అన్నాడు మాస్టరు. ఆ మాట నాకు బాగా పట్టింది. నాకు మా వీధి తెలుసు కదా, నా దగ్గర తప్పు ఎట్లా వస్తుంది అనుకున్నాను.

నాకు వచ్చిన బ్లాకులో మొదటి ఇల్లు మాదే. మొదటి రోజు సాయంత్రం మా ఇంటి ఫారం ముందేసుకొని కూర్చున్నాను. మా ఆయన పక్కన నిలబడి చెప్పాడు.

"రాయి. పని, టింబర్‌మ్యాన్. పరిశ్రమ, బంగారు గని."

నేను తలెత్తి చూశాను.

"ఏంమే చూస్తావు? కేసు తీరినాదా? తీరలేదు కద. తీరేదాకా మేము గని మనుషులమే."

నేను రాశాను. పనిచేసే చోటు ఎంత దూరం, ఎట్లా పోతారు అని ఇంకొక గడి ఉంటుంది. అర కిలోమీటరు, నడక అని అదీ రాశాను. గనిలోకి దిగే షాఫ్టు అంతే దూరం. పెళ్ళయిన నాటి నుంచి ఆయన ఆ దూరమే నడిచాడు. రాసేటప్పుడు నా చేతికి అది అబద్ధమని అనిపించలేదు.

అదే నా తప్పు. సొంత ఇంటికి అట్లా రాసుకున్నదాన్ని పక్కింటికి ఇంకొక రకంగా ఏ మొహంతో రాస్తాను? పోయిన ప్రతి ఇంట్లోనూ మగవాళ్ళు "మైన్స్" అన్నారు, నేను "బంగారు గని" అని రాసుకుంటూ పోయాను. ఇంకొక భయం కూడా లైనులో తిరుగుతుండేది. గని వాళ్ళు కాదని సర్కారు కాగితంలో పడితే కంపెనీ ఇళ్ళు ఖాళీ చేయిస్తారని. ఆ మాట మొదట ఎవరన్నారో తెలియదు కానీ, అందరూ ఒకే మాట చెప్పాలని లైను లైనంతటికీ చెప్పింది మాత్రం మా ఆయనే.

మిగతా గడుల్లో నేను ఎవరినీ వదల్లేదు. వయసు తగ్గించి చెప్పిన ఆడవాళ్ళకు, నీ పెద్దకొడుకును నేనే తూచినాను తల్లీ, వానికి ఇరవై రెండు, నీకు ముప్పై ఎట్లా అని అక్కడికక్కడే దిద్దాను. ఎవరింట్లోనూ కాఫీ తాగలేదు. ఒక్క ఫారం పాడుచేయలేదు. అవి మిషను చదివే ఫారాలు, కొట్టివేత పడితే కొత్తది అడుక్కోవాలి. నేను ఒక్కటీ అడగలేదు. ఆ గొప్ప నాకు లోలోపల చాలా ఉండేది.

మా సూపర్వైజరు ఆవని వైపు నుంచి వచ్చిన హెడ్‌మాస్టరు. గడువుకు ఇంకా ఐదు రోజులుందనగా ఆయన మమ్మల్ని స్కూలు వరండాలో కూర్చోబెట్టి ఫారాలు చూశాడు. నావి చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"రాత ముత్యాల మాదిరి ఉండాది అమ్మా" అన్నాడు. నేను సంతోషపడేలోపే, "ఒక్క మాట చెప్పు. నీ బ్లాకులో నలభై మంది దినామూ గనికి పోతా ఉండారే, ఏ షాఫ్టుకు?" అన్నాడు.

నేను పెన్ను మూత బిగించుకున్నాను.

"అర కిలోమీటరు, నడక అని కూడా రాసినావు. నలభై మందీ నడిచేపోతారు. దారి చూపించు, నేనూ పోతాను. మా ఇంటామెకు రెండు గాజులు చేపించాల."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పూలు గీసే అమ్మాయి మాత్రం నవ్వలేదు. తల వంచుకొని తన ఫారాలు సర్దుకుంది.

"వాళ్ళు అట్లే చెప్పినారు సార్" అన్నాను.

"వాళ్ళు చెప్పినారు సరే. ఆ లైనులోనే కాపురముండావు, నీకు కండ్లు లేవా?"

"కేసు నడుస్తా ఉండాది కద సార్. అదీగాక, గని కాదని రాస్తే కోటర్సు ఖాళీ చేపిస్తారని భయపడతా ఉండారు."

ఆయన నవ్వు ఆపేశాడు. "ఈ కాగితం కోర్టుకు పోదు, కంపెనీకి పోదు. ఎవరి ఇంటి సంగతైనా ఒకరికి చూపిస్తే నా ఉద్యోగం పోతుంది, నీదీ పోతుంది. చట్టం అట్లుండాది. ఇంకొక మాట విను. నలభై మందికి పని ఉండాదని నువ్వే రాసిస్తావు. రేపు మా వాళ్ళకు పని లేదు, ఏదైనా ఫ్యాక్టరీ పెట్టండని మీరే ధర్నాకు పోతారు. పైన ఉండేవాడు నీ కాగితం తీసి చూపిస్తే ఏమి చెప్తావు? గనిలో దయ్యాలు షిఫ్టు చేస్తా ఉండాయని చెప్తావా?"

నలభై ఇళ్ళకూ మళ్ళీ పోవాలన్నాడు. కొత్త ఫారాల కట్ట నా ముందు పెట్టాడు. పాత వాటి మీద అడ్డంగా గీత కొట్టాలి. ముత్యాల్లాంటి రాత మీద గీత కొట్టడం అన్నం పారబోసినట్టు అనిపించింది.

దారిలో ఆ టీచరమ్మాయి నాతో నడిచింది. ఆమెకు పడినదీ గని లైనే, పక్క బ్లాకు. ఆమె ఫారాల్లో ఒక్క తప్పు కూడా రాలేదు. ఎట్లా అడిగినావమ్మా అన్నాను, నోరు రాకపోయినా.

"ఏం పని అని నేను అడగలేదు ఆంటీ. అట్లా అడిగితే తామెవరో చెప్తారు, పని చెప్పరు. నిన్న పొద్దున యాడికి పోయినారన్నా, ఎన్ని గంటల రైలు, టిఫిన్ బాక్సు తీసుకోని పోతారా అక్కడే తింటారా అని అడిగినాను. అంతే. వాళ్ళే చెప్పుకుంటా పోయినారు."

ఇది మాత్రం మీరు రాసిపెట్టుకోండి. మనిషిని నువ్వెవరు అని అడక్కండి, పొద్దున ఎక్కడికి పోయావని అడగండి. ఇరవై ఐదేళ్ళు నిండని పిల్ల అది. అట్ట నిండా పూలు గీసుకున్నా ఆమె పని నేర్చుకుంది. నేను ఇంకు మిగుల్చుకున్నాను.

మరునాడు పొద్దున మా పక్కింటితో మొదలుపెట్టాను. ఆ ఇంటాయన గనిలో రాయికి తూట్లు వేసే మిషను పట్టినవాడు. ఇప్పుడు కోలారులో పట్టుగూళ్ళ మార్కెట్టులో మూటలు మోస్తాడని లైనులో అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ నోటితో అనరు. ఆయనా మైన్స్ అనే చెప్పి ఉన్నాడు.

"అన్నా, నిన్న పొద్దున యాడికి పోయినారు?" అన్నాను, నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు.

ఆయన నా సంచి వైపు, చేతిలోని కొత్త ఫారం వైపు చూశాడు. సంగతి పట్టేశాడు.

"దిద్దను వచ్చినావా టీచరమ్మా?"

"అవునన్నా. పోయిన ఏడాదిలో నిజంగా చేసిన పనే రాయాలంట. కోటర్సుకూ దీనికీ ఏమీ సంబంధం లేదని సారు చెప్పినాడు."

"దిద్దు, దిద్దు. మీ ఆయనకు దిద్దినావా?"

నేను ఫారం అట్ట కిందికి తోశాను.

"ముందు అది దిద్దుకోని రామ్మా. మమ్మల్నందరినీ గని అని చెప్పమన్నది ఆయనే కద. ఆయనకు ఏమి రాస్తావో చూసి, మాకూ రాయిస్తాము" అని ఆయన చెప్పులు వేసుకొని రైలుకు పోయాడు. అటు తరువాతి ఇంట్లోనూ అదే మాట. మూడో ఇంటి గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాను.

మధ్యాహ్నం అంగన్వాడీ ముగించుకొని ఇంటికొచ్చేసరికి మా ఆయన నడవలో కూర్చొని నానబెట్టిన అనపగింజలు పితుకుతున్నాడు. ఆ కాయల కాలం అయిపోవస్తోంది. పాప పక్కన కూర్చొని పొట్టు లెక్కపెడుతోంది. పొయ్యి మీద రాగిముద్దకు ఎసరు. తీగ మీద పాప గౌన్లు, అల్లుడి చొక్కాలు ఆరేసి ఉన్నాయి. ఇదంతా పదేళ్ళుగా అట్లాగే జరుగుతోంది. ఎప్పుడు మొదలైందో నాకు గుర్తు లేదు. గని మూసిన కొత్తలో ఒకరోజు నేను వచ్చేసరికి అన్నం వండి ఉంది. మరునాడు పులుసు కూడా ఉంది. ఇది నీ పని, ఇది నా పని అని మేము ఎన్నడూ మాట్లాడుకోలేదు. మంచి చెడ్డలు కూడా చెప్పలేదు. ఉప్పు ఎక్కువైతే మాత్రం చెప్పేదాన్ని.

నేను ఆయన ఎదురుగా కూర్చొని అట్ట ఒళ్ళో పెట్టుకున్నాను. బయటివాళ్ళను అడిగినట్టే మీరు అని మొదలుపెట్టాను.

"పోయిన ఏడాదిలో ఒక్క దినమైనా పని చేసినారా?"

"ఏంమే, మతి పోయినాదా?"

"చెప్పండి."

"రాసినావు కద, గని అని."

"అది చెల్లలేదు. పోయిన ఏడాది మాట అడుగుతా ఉండా."

ఆయన గింజ పితుకుతూనే ఉన్నాడు. తలెత్తకుండానే, "లేదు" అన్నాడు.

"పని లేకుంటే ఇంగేమి చేస్తా ఉన్నారు? చదువుతా ఉన్నారా, ఇంటిపనా, ఇంకొకరి మీద ఆధారమా, పింఛనా, అద్దెలు వస్తాయా, అడుక్కునేదా?"

"ఇంగేమైనా ఉండాదా నీ లిస్టులో?"

"ఇతరములు అని ఒకటి ఉండాది."

"అది రాయి."

"దేనిలోకీ రానోళ్ళకు అది. నువ్వు ఒకదానిలోకి వస్తావు."

ఆయన చేతిలో గింజ అట్లాగే పట్టుకొని గిన్నె వైపు చూశాడు, తీగ వైపు చూశాడు.

"ఇంటిపనా?" అన్నాడు. "వేల అడుగుల కింద కొండను నిలబెట్టినోణ్ణి. నా పేరు పక్కన ఇంటిపని అని రాస్తావా? లైనులో తలెత్తుకోని తిరగొద్దా నేను?"

"అయితే ఆధారం అని రాసేదా? పెండ్లాం మీద ఆధారం అని?"

ఆ మాట నేను అనకుండా ఉండవలసింది. పుస్తకంలో ఉన్న మాటే, కానీ నేను పుస్తకంలో నుంచి చదవలేదు. ఆయన గిన్నె పక్కకు జరిపి, చొక్కా వేసుకొని బయటికి పోయాడు. గింజలు సగం మిగిలాయి. నేనే పితికాను. అది అంత పని అని నేను అప్పటికి మరిచిపోయి ఉన్నాను. వేళ్ళు నొప్పి పుట్టాయి.

ఆ తరువాత రెండు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. పాపను చూసుకున్నాడు, అంతే. పొయ్యి ముట్టలేదు, బిందె ముట్టలేదు. నేను తెల్లవారుజామున లేచి వండి, వీధి నల్లి దగ్గర నీళ్ళకు నిలబడి, అంగన్వాడీకి పరుగెత్తి, సాయంత్రం సంచి తగిలించుకొని ఇళ్ళకు పోయాను. ఎవరూ నోరు విప్పలేదు. "మీ ఆయనకు రాసినావా?" అనే అడిగారు. రాయలేదు అన్నాను. ఆయన చెప్పనిది రాయడానికి నాకు మనసు రాలేదు. ఆయన ఒప్పుకున్నాడని రాసుకుంటే అదీ దొంగ రాతే. ఒకసారి రాసిన దొంగ రాతకే నలభై ఫారాలు పోయాయి.

రెండో రోజు నల్లి దగ్గర నాకు ఆలస్యమైంది. నీళ్ళు తెచ్చేసరికి కూతురికి రైలు టైమైపోయింది. ఇడ్లీ పిండి పొంగలేదు, వేరే ఏమీ చేయలేదు. ఆమె, అల్లుడు ఖాళీ చేతులతో స్టేషనుకు పరుగెత్తారు. పోతూ పోతూ కూతురు ఒకసారి వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆయన మంచం మీద లేచి కూర్చొని ఉన్నాడు. మరునాడే సూపర్వైజరుకు ఫారాలు అప్పజెప్పి, ఈ పని నా వల్ల కాదని చెప్పి వద్దామని ఆ సాయంత్రం అనుకున్నాను. అట్లా చెబితే అంగన్వాడీ ఆఫీసుకు ఉత్తరం పోతుంది, నా పనికీ ముప్పు వస్తుంది. అయినా సరే అనుకొని పడుకున్నాను.

మూడో రోజు పొద్దున లేచేసరికి పొయ్యి వెలుగుతోంది. ఉప్మా దించి ఉంది, బాక్సులు కట్టి ఉన్నాయి. ఆదివారమైనా ఆ వారం డ్యూటీ ఉండడంతో కూతురూ అల్లుడూ వేళకు బయలుదేరారు. ఆయన నా వైపు చూడకుండా రెండు బిందెలు తీసుకొని నల్లికి పోయాడు. నేను గుమ్మం ముందు ఊడ్చడానికి నిలబడ్డాను. నల్లి మా గుమ్మానికి నాలుగిళ్ళ దూరం, అన్నీ వినబడతాయి.

నల్లి దగ్గర ఆడవాళ్ళు ఆయనకు జరిగి చోటిచ్చారు. అక్కడ ఆయన వంతు ఎప్పుడూ ఒకటుంటుంది, పదేళ్ళ వంతు. ఆదివారం కావడంతో మగవాళ్ళు కూడా కొందరు పళ్ళు తోముకుంటూ అరుగుల మీద కూర్చొని ఉన్నారు. పట్టుగూళ్ళ మూటలు మోసే పక్కింటాయన కూడా ఉన్నాడు. ఆయన పెళ్ళామే అడిగింది.

"రెండు దినాలు కనపడలేదే అన్నా. టీచరమ్మ నీళ్ళకు వచ్చింటే మాకు విడ్డూరమాయె. అవునూ, నీకు కాగితంలో ఏమి రాసినాది?"

నా చేతిలో చీపురు ఆగిపోయింది. ఆయన చేతిలో ఒక బిందె నిండి ఉంది, రెండోది నల్లి కింద ఉంది. గని అని చెప్పడానికి ఆయనకు చోటు లేదు. అయినా చెబుతాడేమో అనుకున్నాను. ఆయన నిండిన బిందె కింద పెట్టాడు.

"ఇంటిపని" అన్నాడు. "చూస్తా ఉండారు కద. ఇంగేమి రాస్తాది?"

ఎవరో ఫక్కుమని నవ్వారు. పక్కింటాయన నోట్లో వేపపుల్ల తీసి, "ఏమన్నా, చీర యాడ? కట్టుకోని రాలేదే?" అన్నాడు.

"నా చీర సంగతి తరువాత. రేపు నువ్వు మార్కెట్టుకు పోతావు కద, గూళ్ళ మూట నెత్తిన పెట్టుకునే ముందు హెల్మెట్టు పెట్టుకో, లైటు ముట్టించుకో. గని మనిషివి కద నువ్వు. పట్టుపురుగులు దడుచుకోని పారిపోతాయి."

ఈసారి నవ్వింది ఆడవాళ్ళు. పక్కింటాయన కూడా నవ్వాడు, కొంచెం ఆగి. మా ఆయన రెండో బిందె నిండేదాకా నల్లి వైపే చూస్తూ మాట్లాడాడు.

"గని అని చెప్పమన్నది నేనే. కేసు వేరే, ఇది వేరే. కేసులో మనము గని మనుషులమే, దానికి కాగితాలు వేరే ఉండాయి. ఈ కాగితంలో నిజం చెప్పండి. మూడు దినాలాయె, మా ఇంటామె ఇల్లిల్లూ తిరిగి వచ్చి అన్నం తినకుండా పడుకుంటా ఉండాది."

బిందెలు రెండూ మోసుకొని వచ్చి లోపల దించాడు. నేను చర్చికి పోయే చీర తీసి పెట్టుకొని ఉన్నాను. ఆ పూట పోలేదు. దేవుడు అర్థం చేసుకొని ఉంటాడు. అట్ట తీసి కూర్చున్నాను.

"రాయి" అన్నాడు ఆయన.

రాశాను. ఆ తరువాత ఇంకొక గడి ఉంది. పనిలేని ప్రతివాళ్ళనీ అది అడగాలి.

"పని దొరికితే చేయను సిద్ధంగా ఉన్నారా?"

ఆయన తడి చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ, "గని తెరిస్తే" అన్నాడు.

"అట్లా రాసేదానికి లేదు. అవును, కాదు, అంతే."

"అవును" అన్నాడు. "బూట్లు మంచం కింద ఉండాయి, నీకు తెలుసు కద."

ఆ పగలంతా, మరునాడు సాయంత్రం దాకా నేను ఇళ్ళకు తిరిగాను. ఇప్పుడు నేను అడగకముందే చెప్పారు. ఒకాయన అపార్ట్‌మెంటు గేటు దగ్గర కాపలా. ఒకాయన బస్టాండు పక్కన పరోటా బండి. ఒకాయన సుగటూరు వైపు తోటల్లో మామిడికాయలు కోసే మేస్త్రి, ఏడాదికి మూడు నెలలు పని. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో రైలెక్కే ఒకాయన, పెళ్ళాన్ని నీళ్ళకు పంపించి, నా చెవిలో చెప్పినట్టు చెప్పాడు. ఆయన ఒక పెద్ద ఆస్పత్రిలో గదులు కడుగుతాడు. "పరిశ్రమ, ఆస్పత్రి" అని రాసి చూపించాను. ఆయన ఆ మాట రెండుసార్లు చదువుకొని, "ఇది బాగుండాది" అన్నాడు. మగవాళ్ళు నిజం చెప్పడం మొదలుపెట్టాక ఆడవాళ్ళ పనులు కూడా బయటికి వచ్చాయి. మొదటిసారి ఇంటిపని అని రాయించుకున్న ఎందరో ఆడవాళ్ళు నిజానికి బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టేవాళ్ళు. మొగుడు గని అన్నచోట వాళ్ళు వేరే పని చెప్పుకోలేకపోయారు.

ఒక్కడైనా గనికి దక్కుతాడని నాకు ఆశ ఉండేది. లైను చివరి ఇంటి మనిషి మూసిన షాఫ్టు దగ్గరే వాచ్‌మన్. ఆ ఒక్క ఫారంలో బంగారు గని అని ధైర్యంగా రాశాను. సూపర్వైజరు చూసి, జీతం ఎవరిస్తారని అడిగాడు. ఎవరో కాపలా ఏజెన్సీ వాళ్ళు. "అయితే వీనిది కాపలా సేవ అమ్మా" అన్నాడు. నేను వాదించాను. ఆయన పుస్తకం తెరిచి, ఆ పేజీ నా ముందు పెట్టాడు. నేను చదివి, ఆ ఫారం కూడా దిద్దాను. ఆ కట్టలో గని అనే మాట ఒక్కచోట కూడా మిగల్లేదు.

ఫారాల కట్ట అప్పజెప్పేటప్పుడు ఆయన మా ఇంటి ఫారం దగ్గర ఆగాడు. మగమనిషి వరసలో ఇంటిపని చూసి పొరపాటేమోనని నన్ను చూశాడు. "పొరపాటు కాదు సార్" అన్నాను. "మంచి పులుసు పెడతాడా?" అన్నాడు. "ఉప్పు ఎక్కువేస్తాడు" అన్నాను.

లైను వాళ్ళు ఒక నెల దాకా ఆయన్ను ఏడిపించారు. తరువాత మరిచిపోయారు. ఆయన మాత్రం ఆ తరువాత కేసు మీటింగులకు పోయేటప్పుడు, పాపకు అన్నం పెట్టి వస్తాను, మీరు మొదలుపెట్టండి అని అందరి ముందు చెప్పేవాడు. అంతకు ముందు ఏదో ఒక సాకు చెప్పేవాడు. ఇళ్ళు ఎవరివీ పోలేదు.

ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆయన ఉండగా మళ్ళీ లెక్కలు రాలేదు. వస్తాయి వస్తాయి అన్నారు, రాలేదు. కాబట్టి సర్కారు పుస్తకంలో ఆయన్ను ఇంతవరకూ ఎవరూ కొట్టివేయలేదు. అక్కడ ఆయన ఇంటిపని చేస్తున్నాడు, పని దొరికితే చేయడానికి సిద్ధంగా ఉన్నాడు. ఈసారి మీరెవరైనా ఫోను పట్టుకొని మా గుమ్మానికి వచ్చి, ఇంట్లో ఎంతమంది అని అడిగితే, నేను సరిగ్గానే చెబుతాను. ఒక్క నిమిషం ఆగి చెబుతానేమో. తొందరపెట్టకండి.